రైలు బండిలో పుట్టిన ఆట



ఇంతకు ముందు రాసినవాటిలో గనుల గురించి, లైను ఇళ్ళ గురించి, మన మారికుప్పం రైలు గురించి చెప్పుకున్నాం. ఈసారి చేతిలో ఇమిడే ఆటపెట్టె చరిత్ర. పెద్దవాళ్ళు కొందరు "ఇదేం సబ్జెక్టు సామీ" అనుకోవచ్చు. కానీ ఈ వస్తువుకూ రైలుకూ, రోజూ రైల్లో పోయే మనలాంటి ఊరికీ చానా దగ్గరి సంబంధం ఉంది. పైగా పిల్లల చేతుల్లో ఉండే ఈ సామాన్ల గురించి మన సంఘంలో ఈమధ్య వాదన జరుగుతా ఉంది. చరిత్ర తెలుసుకుని వాదిస్తే ఆ వాదనకు కొంచెం బలం ఉంటుంది.

ముందు మన ఊరి కాలం సంగతి. కేజీఎఫ్‌లో కాలం ఎప్పుడూ మన సొంతం కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా కాలాన్ని నడిపింది సంగు. సంగు కూస్తే లేవాలి, సంగు కూస్తే షిఫ్టు మారాలి. రాత్రి షిఫ్టు మనిషి పగలు పడుకుంటే పిల్లలు ఇంట్లో గొంతెత్తకూడదు. ఇట్ల ముక్కలైన కాలంలో ఆటలు కూడా ముక్కల్లోనే సాగేవి. షిఫ్టుకు ముందు కాసేపు, దిగినాక కాసేపు. ఆడవాళ్ళు గడప దగ్గర వామనగుంటలు పెట్టుకునేవాళ్ళు. దాన్నే పక్కింటి తమిళం వాళ్ళు పల్లాంగుళి అంటారు, కన్నడం వాళ్ళు అళిగుళి మణె అంటారు. మగవాళ్ళు నేలమీద సుద్దముక్కతో గీసుకుని పులిజూదం ఆడేవాళ్ళు. దక్షిణాదిన పాత గుళ్ళలో రాతి నేలమీద చెక్కిన పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎవరికోసమో కాచుకుని కూర్చున్నవాళ్ళు చెక్కుకున్నవేమో అవి. కాచుకుని కూర్చోవడం నుంచే చానా ఆటలు పుట్టినాయి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

చేతిలో పట్టుకుని ఆడే ఆట అంటే మొదట పేక ముక్కలే. మన పాత మైసూరు సంస్థానంలో గంజీఫా అని గుండ్రటి చీట్లు ఉండేవి, దేవుళ్ళ బొమ్మలు గీసి రంగులేసినవి. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుకు వాటిమీద ఎంత మక్కువ అంటే, ఆయన పేరుమీద వెలువడిన శ్రీతత్త్వనిధి గ్రంథంలో కౌతుకనిధి అనే భాగాన్ని ఆటలకే కేటాయించినారు. జపానులో కూడా కథ చీట్లతోనే మొదలవుతుంది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలవాళ్ళు అక్కడికి పేక ముక్కలు తీసుకుపోయినారు. వాటిని జపాను వాళ్ళు తమ రీతికి మార్చుకోగా, పోనుపోను హనఫుద అనే పూలబొమ్మల చీట్లు తయారైనాయి. ఆ చీట్లు చేసి అమ్మడానికి 1889లో క్యోటో నగరంలో ఫుసజిరో యమవుచి అనే ఆయన ఒక అంగడి పెట్టినాడు. ఆ అంగడే నింటెండో. ఇక్కడ మన గనులు తవ్వుతున్న కాలంలోనే, మన మారికుప్పం రైలు లైను పడకముందే, అక్కడ ఆ కంపెనీ చీట్లు కత్తిరిస్తా ఉంది.

ఇంక 1965కు వద్దాం. ఆ సంవత్సరం మన ఊరికి గొప్పది. ఆ సంవత్సరమే మన గని లోతుల్లో టాటా సంస్థ శాస్త్రవేత్తలు, జపానులోని ఒసాకా వాళ్ళు, ఇంగ్లండులోని డరమ్ వాళ్ళు కలిసి ఆకాశంనుంచి వచ్చే న్యూట్రినోల జాడ పట్టినారు. అదే 1965లో గుంపెయి యొకొయి అనే యువకుడు ఎలక్ట్రానిక్స్ చదివి నింటెండోలో పనికి చేరినాడు. చేరింది ఇంజనీరు హోదాలో పెద్ద పనికేమీ కాదు. చీట్లు తయారుచేసే యంత్రాల మరమ్మత్తు చూసుకునే పని. పని తక్కువ, ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలో కత్తెర మాదిరి చాచుకుని దూరంలో వస్తువును పట్టుకునే ఒక చెయ్యి చేసుకుని ఆడుకుంటా ఉంటే యజమాని కంట్లో పడింది. యజమాని హిరోషి యమవుచి తిట్టలేదు, దాన్ని సరుకుగా మార్చమన్నాడు. అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో అది పది లక్షలకు పైగా అమ్ముడైంది. మనలో వర్క్‌షాపుల్లో పని చేసినవాళ్ళకు తెలుసు, ఇట్లాంటి చెయ్యి తిరిగిన మనుషులు ప్రతి షాపులోనూ ఒకరుంటారు. ఆ పనితనాన్ని చూసి గుర్తుపట్టే యజమాని దొరకడమే అరుదు.

ఇప్పుడు రైలు కథ. జపానులో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు 1964 అక్టోబరు 1న మొదలైంది. బీఈఎంఎల్ సంస్థ ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. 1970ల చివర ఒకరోజు యొకొయి ఆ రైల్లో పోతా ఉంటే, ఒక ఆఫీసు మనిషి ఏమీ తోచక చేతిలోని క్యాలిక్యులేటర్ బటన్లు ఊరికే నొక్కుకుంటా కనిపించినాడట. కూడికలేమీ వేయడం లేదు, పొద్దు పోవడానికే ఆ నొక్కుడు. సీట్లో కూర్చున్న మనిషి, పక్కవాళ్ళ కంట పడకుండా, రెండు బొటనవేళ్ళతో ఆడుకునే చిన్న ఆట ఉంటే ఎట్ల ఉంటుందని యొకొయికి తోచింది. ఇది ఆయనే చెప్పుకున్న కథ.

తరువాత జరిగింది ఇంకా బాగుంటుంది. ఒకరోజు యజమాని కారు తోలే డ్రైవరు రాలేదు. యొకొయిని తోలమన్నారు. దారిలో మాటల మధ్య ఈ సంగతి చెప్పినాడు. ఆనాటి సమావేశంలో యజమాని పక్కన కూర్చున్నది షార్ప్ కంపెనీ పెద్ద. క్యాలిక్యులేటర్ల పోటీలో ధరలు పడిపోయి, చిన్న అద్దాల తెరలు చేసే షార్ప్ వాళ్ళు కొత్త గిరాకీ కోసం చూస్తున్న కాలం అది. ఇద్దరికీ కుదిరింది. 1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆట వచ్చింది. మొదటి ఆట పేరు బాల్. గారడీవాడు బంతులు ఎగరేసి పట్టుకోవడమే ఆట. ఆడనప్పుడు గడియారం. ఇట్ల అరవై రకాల దాకా వచ్చి, మొత్తం మీద నాలుగు కోట్ల ముప్పై లక్షలకు పైగా అమ్ముడైనాయి. 1982లో వచ్చిన డాంకీ కాంగ్ ఆటకు యొకొయి ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తు లాంటి ఒక బటన్ పెట్టినాడు. పైకి, కిందికి, అటు, ఇటు అన్నీ ఒకే బటన్‌తో. ఈరోజు ప్రపంచంలో చానా ఆటపెట్టెల్లో ఆ కూడిక గుర్తు బటన్ ఉంటుంది.

నిజం చెప్పాలంటే ఆయనకంటే ముందు కూడా చేతి ఆటలు ఉన్నాయి. అమెరికాలో మాటెల్ కంపెనీ 1976లోనే ఎర్ర దీపాలతో కారు పందెం ఆట చేసింది. 1979లో మిల్టన్ బ్రాడ్లీ వాళ్ళు ఆట మార్చుకునే వీలున్న మైక్రోవిజన్ తెచ్చినారు. కానీ యొకొయి దగ్గర ఒక సూత్రం ఉంది. పాతబడి, అగ్గువై, లోపాలన్నీ తెలిసిపోయిన సామాన్ను తీసుకుని, ఎవరూ అనుకోని పనికి వాడాలి అనేవాడు. మన అమ్మలు పాత చీరతో బొంత కుట్టేది ఈ సూత్రంతోనే.

ఆ సూత్రానికి పెద్ద పరీక్ష 1989లో వచ్చింది. ఆ ఏప్రిల్ 21న జపానులో గేమ్ బాయ్ విడుదలైంది. ధర 12,500 యెన్లు. తెరలో వెలుగు లేదు, రంగులు లేవు, పెసర పచ్చమీద నాలుగు ఛాయలు మాత్రమే. అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. అదే సంవత్సరం అటారీ వాళ్ళు, మరుసటి సంవత్సరం సెగా వాళ్ళు వెలిగే రంగు తెరలతో పోటీకి దిగినారు. చూడ్డానికి వాళ్ళదే అందం. కానీ సెగా పెట్టె ఆరు సెల్లులు తిని నాలుగైదు గంటల్లో ఆరిపోయేది. గేమ్ బాయ్ నాలుగే సెల్లులతో పదిహేను గంటల దాకా నడిచేది. కింద పడినా పగిలేది కాదు. సెల్లులు కొనేది నాన్నలు కదా, నాన్నలకు ఏది నచ్చుతుందో చెప్పాల్సిన పని లేదు. గేమ్ బాయ్, దాని తరువాత వచ్చిన రంగు గేమ్ బాయ్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైనాయి.

దానికి జోడీగా కుదిరిన ఆట రష్యా నుంచి వచ్చింది. 1984లో మాస్కోలో సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ చేసినాడు. ఆయన దగ్గర ఉన్న ఎలెక్ట్రోనికా 60 కంప్యూటరు బొమ్మలు చూపించలేదు. అందుకని అక్షరాల మధ్య వాడే బ్రాకెట్ గుర్తులనే ఇటుకలుగా పేర్చినాడు. పైనుంచి ఇటుకలు పడతాయి, తిప్పి సందుల్లో కూర్చాలి, వరుస నిండితే మాయమవుతుంది. అంతే. 1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ అనే వ్యాపారి మాస్కోకు పోయి, సోవియట్ అధికారులతో మాట్లాడి చేతి ఆటపెట్టె హక్కులు తెచ్చినాడు. అమెరికాలో గేమ్ బాయ్‌తో టెట్రిస్ కలిపి ఇచ్చినారు. 1993లో ఒక రష్యా వ్యోమగామి దాన్ని మీర్ అంతరిక్ష కేంద్రానికి కూడా తీసుకుపోయినాడు. మరి ఆట చేసిన పజిత్నోవ్‌కు ఏం దక్కింది? 1996 దాకా రాయల్టీ లేదు. హక్కు సర్కారుది, పని ఆయనది. బంగారం తీసింది ఎవరు, బంగారం పోయింది ఎక్కడికి అని ఎరిగిన ఊరు మనది. ఈ ముక్క మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంక మన ఊరికి వద్దాం. గేమ్ బాయ్ మన రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళకు రాలేదు. వచ్చినా కొనే దుడ్డు ఎవరి దగ్గర? మనకు వచ్చింది చైనా తయారీ బ్రిక్ గేమ్. 1991 తరువాత బయటి దేశాల సామాన్లు బజార్లో పడ్డప్పుడు ఇది కూడా పడింది. రెండు పెన్‌టార్చి సెల్లులు, అడ్డంగా పది, నిలువుగా ఇరవై గళ్ళ తెర, కీచుమనే పాట. పెట్టెమీద 9999 ఆటలు అని అచ్చు. లోపల ఉండేవి కొద్ది ఆటలే. ఇటుకలు, కారు పందెం, ట్యాంకు, పాము, రోడ్డు దాటే కప్ప. వాటినే వేగం మార్చి, అంచె మార్చి లెక్క పెంచినారు. టెట్రిస్‌ను అనుమతి లేకుండా దించిన సరుకు అది. పజిత్నోవ్‌కు మాస్కోలో దక్కనిది మన బజార్లో ఎట్ల దక్కుతుంది?

మన వీధుల్లో ఒకరింట్లో బ్రిక్ గేమ్ ఉంటే వీధంతటికీ ఉన్నట్టే. సైనైడ్ దిబ్బ పక్క వరండాలో పదిమంది పిల్లలు ఒకే పెట్టె చుట్టూ. ఒకడు ఆడితే తొమ్మిదిమంది "తిప్పురా, తిప్పు" అని తెలుగులో, తమిళంలో, కన్నడలో, ఉర్దూలో అరిచేవాళ్ళు. చచ్చినవాడు పక్కవాడికి ఇచ్చేయాలి. ఆ ఆటలో చదవాల్సిన అక్షరం ఒక్కటి లేదు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. మన ఊళ్ళో బడి ఒక భాష, ఇల్లు ఒక భాష, బజారు ఇంకొక భాష. అన్ని భాషల పిల్లలూ సమానంగా మొదలుపెట్టిన ఆటలు రెండే నేను చూసినాను, ఒకటి గోలీలు, రెండు ఆ బ్రిక్ గేమ్.

అప్పటి ఇళ్ళ పరిస్థితి కూడా చెప్పాలి. 1990లలో గని నష్టాల్లో ఉంది, ఎప్పుడు మూస్తారో తెలియదు. అటువంటి రోజుల్లో పిల్లవాడికి ఆ ఆట కొనిచ్చిన నాయనలు ఉన్నారు. దండగ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరిదీ న్యాయమే. ఇంట్లో పెద్దవాళ్ళ మొహాల్లో నవ్వు లేని కాలంలో ఆ కీచు పాట కొంచెం సందడి చేసింది. అదే కాలంలో రెండు సెల్లుల ఖర్చు కూడా లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది.

2001 తరువాత మన ఊరు రైలు ఊరైపోయింది. మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్, బంగారుపేట అని వేల మంది తెల్లారకముందే ఎక్కి బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నాలుగు మోకాళ్ళమీద తుండు పరిచి పేకాట. తరువాత నోకియా ఫోన్లు, వాటిలో పాము ఆట. ఆ పాము 1997లో వచ్చింది, మన బండిలోకి రావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ప్రతి సీటులోనూ ఒక ఫోను, ప్రతి ఫోనులోనూ ఆట. జపాను రైల్లో క్యాలిక్యులేటర్ నొక్కిన ఆ ఆఫీసు మనిషి ఇప్పుడు మన బండిలో వేలమందిగా కూర్చున్నాడు.

ఈమధ్య నేను కూడా ఒక కొత్త చేతి ఆటపెట్టె కొనుక్కున్నాను. రిటైరైనవాడికి ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వినారు. మూడు వారాలైంది, నాకు అనిపించింది చెబుతాను.

పెట్టె అరచేతికి సరిపోతుంది, చొక్కా జేబులో పడుతుంది. తెర పోస్టుకార్డులో సగం కూడా లేదు, కానీ కళ్ళజోడు పెట్టుకుంటే చక్కగా కనిపిస్తుంది. ఛార్జింగు ఒకసారి పెడితే నాలుగైదు గంటలు వస్తుంది. అంటే యొకొయి నాలుగు సెల్లుల ముందు ఇది ఇప్పటికీ ఓడిపోతుంది. బటన్లు వేలికి తగిలి టక్కుమంటాయి. ఫోను అద్దంమీద ఆడినప్పుడు ఈ సుఖం ఉండదు, నా వేళ్ళకు అద్దంమీద చోటు దొరకదు. మొదటి వారం కుడి బొటనవేలు నొప్పి పుట్టింది. అందుకని గంటకొకసారి ఆపుతున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. బటన్ నొక్కితే నిద్రపోతుంది, మళ్ళీ నొక్కితే అదే ఇటుక అదే చోట గాలిలో ఉంటుంది. సంగుతో, బండి టైముతో బతికిన మనకు ఇది చిన్న విషయం కాదు. రెండోది, దీంట్లో ప్రకటనలు లేవు, "ఇంకో పది రూపాయలు కట్టు" అని అడగడం లేదు, ఎవరూ ఫోన్ చేయరు. ఆడినంతసేపు ఆట మాత్రమే. నచ్చనిది కూడా ఉంది. పెట్టెతోపాటు వచ్చిన కార్డులో వేల ఆటలు ఉన్నాయి. చాలావాటికి చేసినవాళ్ళ అనుమతి ఉండదు, పాత బ్రిక్ గేమ్ దారే. పైగా వేల ఆటలుంటే ఏదీ నిలకడగా ఆడబుద్ధి కాదు. నేను మూడు ఆటలు మాత్రం ఉంచుకున్నాను.

ఇంక అసలు మాట. మన సంఘం పఠనాలయంలో ఆటల సామాన్లు ఏవీ ఉండకూడదని కొందరు పెద్దలు అంటున్నారు. వాళ్ళ భయం ఉత్తి భయం కాదు. ఫోనులో దుడ్డు పెట్టి ఆడే రమ్మీ వల్ల ఇళ్ళు చెడిపోయినాయి, మన బండిలోనే అట్లాంటివాళ్ళను చూసినాం. అది ఎంత ముదిరిందంటే 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దుడ్డు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కానీ ఆ రమ్మీనీ, ఈ ఇటుకల ఆటనూ ఒకే గంపలో వేయకూడదని నా మనవి. పేక ముక్కలతో పందెం కాసినవాళ్ళూ ఉన్నారు, అవే ముక్కలతో పిల్లలకు లెక్కలు నేర్పిన తాతలూ ఉన్నారు. చూడాల్సింది తెరను కాదు. ఆ ఆట దుడ్డు అడుగుతుందా, ఆపాలంటే ఆగనిస్తుందా, పక్కవాడికి చోటిస్తుందా అని చూడాలి. గేమ్ బాయ్‌కు ఇద్దరు ఆడుకోవడానికి ఒక తీగ ఇచ్చినారు. మన వరండాలో తీగ కూడా అవసరం పడలేదు, చచ్చినవాడు పక్కవాడికి ఇచ్చినాడు.

కాబట్టి నేను అడిగేది ఇంతే. పఠనాలయంలో ఆదివారం సాయంత్రం ఒక గంట ఆటలకు ఇద్దాం. వామనగుంటల పలక, పులిజూదం గీసిన అట్ట, ఒక ఆటపెట్టె ఉంటే చాలు. పెద్దవాళ్ళు గుంటలు నేర్పాలి, పిల్లలు బటన్లు నేర్పాలి. నా పెట్టె నేను తెస్తాను.

యొకొయి 1996లో నింటెండో వదిలినాడు, 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో పోయినాడు. ఆయనకు 56 ఏళ్ళు. రైల్లో ఊరికే కూర్చున్న ఒక మనిషి వేళ్ళను గమనించినందుకు ప్రపంచానికి ఇంత పెద్ద ఆట వచ్చింది. మన బండిలో రోజూ నాలుగు గంటలు కూర్చునేవాళ్ళను గమనించేవాడు మనలోనూ ఒకడు పుట్టకపోడు.

మీ ఇళ్ళలో అటకమీద పాత బ్రిక్ గేమ్ ఉంటే పారేయకండి. సెల్లులు కారి తుప్పు పట్టినా పరవాలేదు, నాకు చెప్పండి. వామనగుంటల పాత పలకలు ఉన్నవాళ్ళు కూడా చెప్పండి. అన్నీ ఒక బల్లమీద పెట్టి చూసుకుందాం.